‘కంప్యూటర్ వచ్చు’ అన్న మాటకు సాక్ష్యం ఎక్కడ?

మా అక్క కూతురు ఈమధ్య ఒక చిన్న ఉద్యోగానికి దరఖాస్తు నింపుతూ, ‘కంప్యూటర్ పరిజ్ఞానం: ధ్రువపత్రం జతచేయాలి’ అన్న గడి దగ్గర ఆగిపోయింది. “చిన్నప్పట్నుంచీ కంప్యూటర్ ముందే ఉన్నాను కదా మామయ్యా, మళ్లీ సర్టిఫికెట్ దేనికి?” అని విసుక్కుంది. నేను వాదించలేదు. తను వర్డ్‌లో టైప్ చేసిన ఉత్తరం తెరిచి, మొదటి పేజీలో ఎక్కడో ఒకచోట ఒక కొత్త వాక్యం చేర్చమన్నాను. చేర్చగానే రెండో పేజీ మొదట్లో ఉన్న శీర్షిక ఒక లైను కిందికి జారింది.

వర్డ్‌లో కంటికి కనపడని గుర్తుల్ని చూపించే బటన్ ఒకటి ఉంటుంది, తిరగేసిన ఇంగ్లిష్ ‘పి’ అక్షరంలా. అది నొక్కితే అసలు సంగతి బయటపడింది. కొత్త పేజీకి వెళ్లడానికి తను ఎంటర్ కీని పద్నాలుగు సార్లు కొట్టింది. ఆ పద్నాలుగు గుర్తులూ మార్జిన్ పక్కన ఒకదాని కింద ఒకటి బారులు తీరి నిలబడ్డాయి. కంట్రోల్, ఎంటర్ కలిపి ఒక్కసారి నొక్కి పేజీ బ్రేక్ పెట్టి ఉంటే, పైన ఇంకో వాక్యం చేరినా ఆ శీర్షిక కొత్త పేజీ మొదట్లోనే ఉండేది.

ప్రింటు తీస్తే రెండు ఉత్తరాలూ ఒకేలా ఉంటాయి. చదివినవాళ్లకు తేడా తెలియదు. ఇంకొకరు ఆ ఫైలు తెరిచి మార్పులు చేయాల్సి వచ్చినప్పుడే తెలుస్తుంది. కంప్యూటర్ పరిజ్ఞానాన్ని రుజువు చేయడంలోని చిక్కంతా ఇక్కడే ఉంది. పని బయటికి కనిపించినంత మాత్రాన పనితనం కనపడదు. ఎవరో ఒకరు లోపలికి చూసి చెప్పాలి. ఆ చెప్పేవాళ్లు ఎవరు, వాళ్లు ఏం చూశారు, ఎప్పుడు చూశారు అన్నదాన్ని బట్టి చేతిలోని కాగితానికి విలువ వస్తుంది.

ఒక్క ‘వచ్చు’లో మూడు సంగతులు

‘కంప్యూటర్ వచ్చా?’ అని అడిగితే ‘వచ్చు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. ఆ ముక్కలో కనీసం మూడు వేర్వేరు సంగతులు ఇరుక్కుని ఉన్నాయి.

మొదటిది తెలియడం. ర్యామ్‌కీ స్టోరేజీకీ తేడా ఏమిటి, కరెంటు పోతే ఏది పోతుంది, ఏది ఉంటుంది అని అడిగితే చెప్పగలగడం. రెండోది చేయగలగడం. మూడు వందల వరుసలున్న షీటు ఇచ్చి, నెలవారీ మొత్తాలు తీయమంటే తీయడం. మూడోది కొత్త చిక్కు ఎదురైనప్పుడు తేల్చుకోగలగడం. బ్యాంకు పేరుతో వచ్చిన మెయిల్ అసలుదా నకిలీదా అన్నది బట్టీ పట్టిన జవాబుతో తేలదు. పంపినవారి చిరునామా చూడాలి, లింకు నిజంగా ఎక్కడికి పోతోందో చూడాలి, అనుమానం వస్తే ఆగాలి.

ఈ మూడింటినీ ఒక పద్ధతిలో పేర్చడానికి చాలా ప్రయత్నాలు జరిగాయి. వాటిలో ఎక్కువగా వినిపించేది యూరోపియన్ కమిషన్ 2013లో విడుదల చేసిన డిజ్‌కాంప్ అనే చట్రం. సమాచారాన్ని వెతికి తూచడం, ఇతరులతో కలిసి పనిచేయడం, కొత్తగా ఏదైనా తయారుచేయడం, భద్రత, సమస్యల పరిష్కారం అని ఐదు విభాగాలు, వాటి కింద 21 సామర్థ్యాలు పెట్టారు. 2017 నాటి కూర్పులో ఎనిమిది స్థాయిలు వచ్చాయి. టైపింగు, ఉత్తరం తయారుచేయడం లాంటి మనం ‘కంప్యూటర్ నేర్చుకోవడం’ అనుకునే పనులన్నీ కలిపినా ఈ పటంలో ఒక మూలకే సరిపోతాయి. అయితే ఇది చట్రమే, పరీక్ష కాదు. దీన్ని ముందు పెట్టుకుని ఎవరి పరీక్షలు వాళ్లు తయారుచేసుకుంటారు.

సర్టిఫికెట్ అనే పేరుతో తిరిగే రకరకాల కాగితాలు

గందరగోళంలో సగం పేర్ల వల్లే వస్తోంది. కోర్సుకు హాజరై, పాఠాలు పూర్తిచేసినందుకు ఇచ్చేది పూర్తిచేసిన పత్రం. ‘ఈ వ్యక్తి మా పాఠాలు విన్నారు’ అని అది చెబుతుంది. పాఠం చెప్పినవాళ్లే ఆ మాట చెబుతున్నారు. రెండోది ధ్రువీకరణ. ఇక్కడ పాఠాలతో నిమిత్తం ఉండదు. ఎక్కడ నేర్చుకున్నారు, అసలు ఎవరి దగ్గరైనా నేర్చుకున్నారా అని ఎవరూ అడగరు. ముందే ప్రకటించిన ప్రమాణం ప్రకారం, పర్యవేక్షణలో పరీక్ష పెట్టి, నెగ్గినవారికి ఇస్తారు. ఇంగ్లిష్‌లో సర్టిఫికెట్, సర్టిఫికేషన్ అనే ఈ రెండు మాటలకూ చివర కొద్ది అక్షరాలే తేడా కావడంతో మన వాడుకలో రెండూ ‘సర్టిఫికెట్’ అయిపోయాయి.

గూగుల్ 2018లో ఆన్‌లైన్ పాఠాల వేదిక కోర్సెరాలో మొదలుపెట్టిన ఐటీ సపోర్ట్ సర్టిఫికెట్ మొదటి రకానికి దగ్గర. దానిలో వీడియో పాఠాలు, క్విజ్‌లు, ల్యాబ్‌లు ఉంటాయి. చేసినవాళ్లు నిజంగా చాలా నేర్చుకుంటారు. కానీ ఆ క్విజ్ రాసేటప్పుడు పక్కన ఎవరున్నారో చూసేవాళ్లు లేరు. కంప్యూటర్లు సరిచేసేవాళ్ల కోసం కాంప్‌టియా అనే సంస్థ పెట్టే ఏ ప్లస్ రెండో రకం. గుర్తింపు కార్డు చూపించి, కెమెరా ముందో పరీక్ష కేంద్రంలోనో కూర్చోవాలి. నేర్చుకోవడానికి మొదటిది మేలు కావచ్చు, రుజువుకు రెండోది మేలు. ఈ రెంటినీ పోల్చి ‘ఏది మంచిది’ అని అడిగితే ఎవరి జవాబైనా సగమే అవుతుంది.

మూడోది లైసెన్సు. అది లేకపోతే ఆ పని చేయకూడదు. వైద్యానికి, వాహనం నడపడానికి ఉన్నట్టు కంప్యూటర్ వాడటానికి లైసెన్సు లేదు. అయినా ఈ రంగంలో బాగా పేరున్న పత్రం పేరులోనే లైసెన్సు ఉంది, దాని సంగతి కింద చూద్దాం. ఇవికాక డిజిటల్ బ్యాడ్జ్ ఉంది. ఇది కొత్త రకం పత్రమేమీ కాదు, పైవాటిలో దేన్నైనా చుట్టి ఇచ్చే కవరు అనుకోవచ్చు. మోజిల్లా 2011లో మొదలుపెట్టిన ఓపెన్ బ్యాడ్జెస్ పద్ధతిలో, ఆ చిన్న బొమ్మ లోపలే ఎవరు ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు, ఏం చేస్తే ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు అన్న వివరాలు ఉంటాయి. నొక్కితే తెరుచుకుంటాయి. లోపల పెళుసు ప్రమాణం ఉంటే బ్యాడ్జ్ మెరిసినంత మాత్రాన గట్టిపడదు.

మన గురించి మనం చెప్పుకుంటే ఎందుకు నమ్మరు

2000 తర్వాత ‘డిజిటల్ నేటివ్’ అనే మాట బాగా వ్యాపించింది. తెరల మధ్య పుట్టిన పిల్లలకు ఇవన్నీ పుట్టుకతోనే వస్తాయన్నది దాని భావం. లెక్కలు మాత్రం ఆ మాటను నిలబెట్టలేదు. ఎనిమిదో తరగతి పిల్లలకు కంప్యూటర్ మీదే పరీక్ష పెట్టే ఐసీఐఎల్ఎస్ అనే అంతర్జాతీయ అధ్యయనం ఒకటుంది. 2018లో పాల్గొన్న దేశాలన్నీ కలిపి చూస్తే, ఆన్‌లైన్‌లో దొరికిన సమాచారాన్ని విమర్శనాత్మకంగా తూచగలిగే పైస్థాయికి చేరినవాళ్లు 2 శాతమే.

ఆస్ట్రియాలో 2014లో జరిగిన ఇంకో సర్వేలో, తమ కంప్యూటర్ నైపుణ్యం ‘సగటు’ నుంచి ‘చాలా బాగు’ మధ్య ఉందని చెప్పినవాళ్లు 94 శాతం. చేసి చూపించమంటే ఆ స్థాయిలో నిలిచినవాళ్లు 39 శాతం. ఈ సర్వే చేయించింది కంప్యూటర్ పరీక్షలు నిర్వహించే సంస్థే. ‘మీకు అనుకున్నంత రాదు’ అని చెప్పడం వాళ్లకు లాభం కాబట్టి, ఈ అంకెల్ని కాస్త అనుమానంతోనే చూడాలి. ఐసీఐఎల్ఎస్‌కు అలాంటి అవసరం లేదు, అదీ ఇంచుమించు అదే దిక్కు చూపిస్తోంది.

ఇందులో పిల్లల తప్పేమీ లేదు. ఫోన్‌లో ఫైలు ఎక్కడుందో తెలియాల్సిన అవసరం రాదు. ఫొటో గ్యాలరీలో ఉంటుంది, పాట పాటల యాప్‌లో ఉంటుంది. ఫోల్డరులో ఫోల్డరు, దానిలో ఫైలు అనే ఏర్పాటును వాళ్లు చూసే సందర్భమే తక్కువ. ఆఫీసులో మొదటి రోజే ‘షేర్డ్ డ్రైవ్‌లో పాత కాపీ మీద కొత్తది సేవ్ చేయొద్దు’ అంటారు. వేలు వేగంగా కదలడం వేరు, ఆ వాక్యం అర్థం కావడం వేరు.

పరీక్ష లోపల: గుర్తించడం, చేయడం

పరీక్షలు ప్రధానంగా రెండు రకాలు. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునేవి, నిజంగా పనిచేసి చూపించేవి. తేడా ఎంతో ఒక లెక్కతో చూద్దాం.

40 ప్రశ్నల పరీక్ష, నెగ్గడానికి 75 శాతం, అంటే 30 రావాలి. ఒక అభ్యర్థికి 24 ప్రశ్నలకు జవాబు ఖాయంగా తెలుసు. అంటే అసలు జ్ఞానం 60 శాతం. మిగతా 16 గుడ్డిగా గుర్తుపెడితే, నాలుగింట ఒకటి చొప్పున సగటున 4 తగులుతాయి. మొత్తం 28, అంటే 70 శాతం. తప్పారు. ఇప్పుడు అదే అభ్యర్థి ఆ 16 ప్రశ్నల్లోనూ ‘ఈ రెండూ మాత్రం కావు’ అని రెండేసి జవాబుల్ని కొట్టేయగలిగితే, సగటున 8 తగులుతాయి. మొత్తం 32, అంటే 80 శాతం. నెగ్గారు. ఆ కొట్టేయగలగడం కూడా కొంత జ్ఞానమే కదా అనొచ్చు, నిజమే. కానీ పని ముందు పెట్టినప్పుడు తెర మీద నాలుగు జవాబులు కనపడవు.

రెండో రకానికి స్ప్రెడ్‌షీట్ నుంచి ఒక ఉదాహరణ. ఒక నిలువు వరుసలో పది మొత్తాలున్నాయి, కింద కూడిక వేయమన్నారు. సమ్ ఫార్ములా పెడితే సున్నా వచ్చింది. ఫార్ములా తప్పేమోనని మళ్లీ మళ్లీ టైప్ చేసేవాళ్లు చాలామంది. దగ్గరగా చూస్తే ఆ అంకెలన్నీ గడిలో ఎడమవైపుకు అంటుకుని ఉంటాయి, ఒక్కో గడి మూలలో చిన్న ఆకుపచ్చ త్రికోణం ఉంటుంది. అంటే అవి ఎక్సెల్ దృష్టిలో అంకెలు కావు, అంకెల్లా కనిపించే అక్షరాలు. వేరే సాఫ్ట్‌వేర్ నుంచి తెచ్చి అతికించినప్పుడు తరచూ ఇలా జరుగుతుంది. సమ్ వాటిని దాటుకుని పోతుంది. వాటిని నిజమైన అంకెలుగా మార్చగానే మొత్తం వస్తుంది. ‘సమ్ ఫార్ములా దేనికి వాడతారు?’ అన్న ప్రశ్నకు సరైన జవాబు పెట్టినవాళ్లు ఈ సున్నా దగ్గర ఎంతసేపు చిక్కుకుంటారో ఆ ప్రశ్న చెప్పలేదు.

ఇంకొకటి. పన్ను శాతం ఇ1 గడిలో ఉంది. వస్తువు ధర బి2లో ఉంది. సి2లో బి2ని ఇ1తో గుణించి, ఆ ఫార్ములాను కిందికి లాగితే, తర్వాతి వరుసలో అది బి3ని ఇ2తో గుణిస్తుంది. ఇ2 ఖాళీ కాబట్టి సున్నా వస్తుంది. ఇ1లోని అక్షరానికీ అంకెకూ ముందు డాలర్ గుర్తు పెడితే ఆ గడి కదలదు. ఈ ఒక్క సంగతి చేతికి వచ్చిందో లేదో చూస్తే, స్ప్రెడ్‌షీట్ నిజంగా వాడారా లేక వాడినట్టు విన్నారా అన్నది చాలావరకు తెలిసిపోతుందని నా అనుభవం.

మైక్రోసాఫ్ట్ ఆఫీస్ స్పెషలిస్ట్ పరీక్ష ఈ రెండో రకం. 50 నిమిషాల్లో చిన్న చిన్న ప్రాజెక్టులు ఇచ్చి, ఫలానా శీర్షికకు స్టైల్ పెట్టు, ఫలానా పట్టికను క్రమంలో పెట్టు అని పనులు చెబుతారు. చివరకు ఫైలు ఏ స్థితిలో ఉందో చూస్తారు. కాంప్‌టియా ఏ ప్లస్‌లో రెండు రకాలూ కలిసి వస్తాయి. ఒక్కో పేపరులో 90 నిమిషాలకు గరిష్ఠంగా 90 ప్రశ్నలు ఉంటాయి, వాటిలో కొన్ని చేసి చూపించాల్సినవి.

700 అంటే 70 శాతం కాదు

ఆఫీస్ స్పెషలిస్ట్‌కు 1000లో 700 రావాలి. ఏ ప్లస్‌కు 100 నుంచి 900 దాకా ఉండే కొలత మీద మొదటి పేపరుకు 675, రెండోదానికి 700. అందరూ దీన్ని శాతంలోకి మార్చేసుకుని ‘పదింట ఏడు చేస్తే చాలు’ అనుకుంటారు. అలా కుదరదు, కారణం ఆసక్తికరమైనది.

ఒకే పరీక్షకు చాలా ప్రశ్నపత్రాలు ఉంటాయి. ఒకటి కాస్త తేలిక, ఒకటి కాస్త కష్టం. అందరికీ ఒకే శాతం పెడితే కష్టమైన పత్రం వచ్చినవాళ్లకు అన్యాయం. అందుకని ఒక్కో పత్రానికీ కోత గీత, అంటే నెగ్గడానికి కావలసిన కనీస మార్కు, ఎక్కడ గీయాలో నిపుణులు నిర్ణయిస్తారు. బాగా వాడుకలో ఉన్న ఒక పద్ధతికి విలియం ఆంగాఫ్ పేరు ఉంది, 1971 నుంచి వాడుతున్నారు. నిపుణుల్ని కూర్చోబెట్టి, ‘బొటాబొటిగా అర్హత ఉన్న ఒక అభ్యర్థిని ఊహించుకోండి. అలాంటివాళ్లు వందమంది ఈ ప్రశ్న చేస్తే ఎంతమందికి వస్తుంది?’ అని ఒక్కో ప్రశ్నకూ అడుగుతారు.

ఐదు ప్రశ్నల చిన్న పత్రం అనుకుందాం. నిపుణుల సగటు అంచనాలు 90, 80, 70, 60, 50. వీటి సగటు 70. కాబట్టి ఈ పత్రంలో కోత గీత 70 శాతం దగ్గర. ఇంకో పత్రం కష్టంగా వచ్చింది, అంచనాలు 80, 70, 60, 50, 40. సగటు 60. ఇక్కడ గీత 60 శాతం. మొదటి పత్రంలో 70 శాతం చేసినవారికీ, రెండో పత్రంలో 60 శాతం చేసినవారికీ ఫలితం కాగితం మీద ఒకే ‘700’ పడుతుంది. 700 అనేది ‘గీత’కు పెట్టిన పేరు, అంతే. అసలు లెక్కలో ఇంకొన్ని గణాంక మెలికలు ఉంటాయి కానీ సూత్రం ఇదే.

మామూలు కంప్యూటర్ వాడకం మీద పెట్టే ఐసీడీఎల్ లాంటి పరీక్షలు ఈ గొడవ లేకుండా నేరుగా 75 శాతం అంటాయి. అర్థం కావడానికి అదే తేలిక, పత్రాల మధ్య న్యాయం చేయడానికి మొదటిది మేలు.

ఏ పేరు వెనక ఏముంది

ఇప్పుడు ఆ ‘లైసెన్సు’ సంగతి. 1988లో ఫిన్లండ్‌లో కంప్యూటర్ నిపుణుల సంఘంవారు ‘కంప్యూటర్ డ్రైవింగ్ లైసెన్సు’ అనే ఆలోచన చేశారు. ఇంజను ఎలా పనిచేస్తుందో తెలియకపోయినా బండి సురక్షితంగా నడపడం రావాలి, అలాగే ఇదీ అన్నది పోలిక. 1996లో దాన్ని ఐరోపా స్థాయిలో ఈసీడీఎల్ పేరుతో ప్రారంభించారు, 1997లో డబ్లిన్ కేంద్రంగా ఒక ఫౌండేషన్ ఏర్పడింది. ఐరోపా బయట దాన్నే ఐసీడీఎల్ (ఇంటర్నేషనల్ కంప్యూటర్ డ్రైవింగ్ లైసెన్సు) అన్నారు, తర్వాత అన్నిచోట్లా ఆ పేరే స్థిరపడింది. కంప్యూటర్ వాడకం, ఆన్‌లైన్ వాడకం, వర్డ్ ప్రాసెసింగ్, స్ప్రెడ్‌షీట్ అన్న నాలుగూ దాని పునాది మాడ్యూళ్లు. పేరు లైసెన్సే అయినా, లేకపోతే మిమ్మల్ని ఆపే పోలీసు ఎవరూ లేరు.

ఐసీ3 కూడా అదే తరగతిది. ఏదో ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్‌కు కట్టుబడకుండా విస్తారంగా చూస్తుంది. ఆఫీస్ స్పెషలిస్ట్ అలా కాదు, ఒకే సాఫ్ట్‌వేర్‌లోకి లోతుగా దిగుతుంది. 1997లో మొదలైనప్పుడు దాని పేరులో ‘యూజర్’ అనే మాట కూడా ఉండేది. ఏ ప్లస్ వీటి వరసలోది కాదు. కంప్యూటర్ వాడేవాళ్లకు కాకుండా, వాడేవాళ్లకు చిక్కొస్తే సరిచేసేవాళ్లకు ఉద్దేశించినది. 1993 నుంచి ఉంది. దాదాపు ఏడాది పని అనుభవం ఉంటే మంచిదని దాని నిర్వాహకులే చెబుతారు. ‘ఎంట్రీ లెవెల్’ అన్న లేబుల్ చూసి డేటా ఎంట్రీ ఉద్యోగానికని ఏ ప్లస్‌కు కూర్చునేవాళ్లను చూశాను. తప్పేమీ లేదు, కానీ వాళ్లను ఆ ఉద్యోగంలో ఎవరూ ప్రింటర్ రోలర్ గురించి అడగరు.

పరీక్ష పెట్టేవాళ్ల మీద కూడా ఒక ప్రమాణం ఉంది. మనుషుల సామర్థ్యాన్ని ధ్రువీకరించే సంస్థలు ఎలా నడుచుకోవాలో ఐఎస్‌ఓ/ఐఈసీ 17024 చెబుతుంది. 2003లో వచ్చి 2012లో సవరించారు. శిక్షణ ఇచ్చేవాళ్లే ధ్రువీకరణా ఇస్తే నిష్పాక్షికత దెబ్బతినే ప్రమాదం ఉందని అది గుర్తిస్తుంది. ‘మా కోర్సు చేస్తే మా పరీక్ష తేలిక’ అనే సూచన కూడా ఇవ్వకూడదంటుంది. ఏ ప్లస్‌కు ఈ గుర్తింపు ఉంది. ‘ఐఎస్‌ఓ సర్టిఫైడ్’ అని బోర్డు పెట్టుకున్న శిక్షణ కేంద్రం చాలాసార్లు చెబుతున్నది వేరే ప్రమాణం గురించి. 9001 నాణ్యతా నిర్వహణకు సంబంధించినది, విద్యార్థి నైపుణ్యానికి కాదు.

కాగితానికీ వయసు ఉంటుంది

ఏ ప్లస్ 2011 జనవరి 1కి ముందు పొందినవారికి జీవితకాలం చెల్లుతుంది. ఆ తర్వాత పొందినవారికి మూడేళ్లే, పొడిగించుకోవాలి. ఆఫీస్ స్పెషలిస్ట్‌కు గడువు తీరదు, కానీ అది ఏ వెర్షన్ మీద నెగ్గారో పత్రం మీదే ఉంటుంది. ఎక్సెల్ 2010 పత్రం చెల్లనిదేమీ కాదు, పాతది. మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఫండమెంటల్స్ స్థాయి పత్రాలకు గడువు లేదు, పై స్థాయి ఉద్యోగపాత్రల పత్రాలకు ఏడాదే.

గడువు పెట్టడాన్ని డబ్బు గుంజే ఏర్పాటని కొందరంటారు. సాంకేతికత మారుతుంటే పదేళ్ల కిందటి సాక్ష్యం దేనికని ఇంకొందరంటారు. ఏ పనికి అన్నదాన్ని బట్టి ఇద్దరిదీ సబబే అనిపిస్తుంది. ఫైళ్లు సర్దడం, ఫార్ములా రాయడం త్వరగా పాతబడవు. ఏ దాడి నుంచి కంప్యూటర్‌ను ఎలా కాపాడాలన్నది పాతబడుతుంది.

పద్దెనిమిది నిండనివారికి ఎదురయ్యే చిక్కులు

పదిహేనేళ్ల పిల్లలు పరీక్షలో పెద్దవాళ్లతో సమానంగా రాయగలరు. రిజిస్ట్రేషన్ దగ్గర మాత్రం సమానం కారు. కాంప్‌టియా 13 ఏళ్లలోపు వారిని అనుమతించదు, 13 నుంచి 17 మధ్యవారికి తల్లిదండ్రుల సమ్మతి కావాలి. ఈ 13 ఊరికే వచ్చిన అంకె కాదు. అంతకంటే చిన్నపిల్లల వ్యక్తిగత సమాచారం తీసుకోవడంపై అమెరికాలో 1998 నాటి చట్టం ఆంక్షలు పెట్టింది. ఐరోపా డేటా చట్టంలో ఆ గీత 16, దేశాలు 13 దాకా తగ్గించుకోవచ్చు.

ఇంటి నుంచి రాసే పరీక్షలో గది నాలుగు వైపులా ఫొటోలు తీయాలి, కార్డు కెమెరాకు చూపాలి, రాసినంతసేపూ ఒకరు చూస్తుంటారు. నకళ్లు ఆపడానికి ఇది తప్పదని పరీక్ష పెట్టేవాళ్లు అంటారు. మైనరు పడకగదిని ముక్కూమొహం తెలియనివాళ్లకు చూపించాలా అని తల్లిదండ్రులు అడుగుతారు. రెండూ తీసిపారేయదగ్గ వాదనలు కావు. విడి గది, నమ్మకమైన నెట్ లేనివాళ్లకు పరీక్ష కేంద్రమే నయం అన్నది మాత్రం అందరూ ఒప్పుకుంటారు.

అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టేది పేరు. రిజిస్ట్రేషన్‌లో ఇంటిపేరు పొట్టి అక్షరంగా, కార్డులో పూర్తిగా ఉంటే గేటు దగ్గరే వెనక్కి పంపే అవకాశం ఉంది. ఎంత చదివారన్నదానితో దీనికి సంబంధమే లేదు.

సర్టిఫికెట్ నిజంగా పనికొస్తుందా: రెండు చూపులు

ఆర్థికశాస్త్రంలో దీనిమీద పాత చర్చ ఒకటి ఉంది. చదువు మనిషి సామర్థ్యాన్ని పెంచుతుంది, పెరిగిన సామర్థ్యానికే యజమాని డబ్బిస్తాడు అన్నది గ్యారీ బెకర్ లాంటివారి వాదన. 1973లో మైఖేల్ స్పెన్స్ వేరే కోణం చూపించారు. ఎవరు సమర్థులో యజమానికి బయటినుంచి తెలియదు. సమర్థులకు తేలికగా, కానివారికి కష్టంగా దొరికే పత్రం ఏదైనా ఉంటే, అది సామర్థ్యాన్ని పెంచకపోయినా దాన్ని చూపించే సంకేతంగా పనిచేస్తుంది. ఈ తరహా కృషికే 2001లో ఆయనకు ఇంకో ఇద్దరితో కలిపి నోబెల్ ఇచ్చారు.

ఆరంభ స్థాయి కంప్యూటర్ పత్రాన్ని ఈ చూపుతో చూస్తే ఒక వింత కనిపిస్తుంది. అది చాలామందికి తేలికగా దొరికేదే. అందరి దగ్గరా ఉన్నదాన్ని చూసి ఎవరినీ ఎంచలేరు. అందుకే నా అంచనాలో, అది ఉన్నందువల్ల వచ్చే లాభం చిన్నది, లేనందువల్ల జరిగే నష్టం పెద్దది. ఎంపికలో అది జల్లెడలా పనిచేస్తుంది, తూకంలా పనిచేయదు.

‘పత్రాలు దేనికి, చేసిన పని చూపిస్తే చాలదా’ అనేవాళ్లూ ఉన్నారు. పోర్ట్‌ఫోలియో వాళ్ల జవాబు. సొంతంగా తయారుచేసిన బడ్జెట్ షీటో, చిన్న వెబ్‌సైటో పత్రం కంటే ఎక్కువ చెబుతుందన్నది నిజం. చూసేవాళ్ల వైపు నుంచి లెక్క వేద్దాం. 200 దరఖాస్తులు వచ్చాయి. ఒక్కో పోర్ట్‌ఫోలియో సరిగ్గా చూడటానికి 15 నిమిషాలు పడితే 50 గంటలు. ఒక్కో పత్రం లింకు నొక్కి సరిచూసుకోవడానికి అర నిమిషమైతే 100 నిమిషాలు. మొదటి వడపోతలో పత్రం, చివరి పదిమందిలో పోర్ట్‌ఫోలియో గెలవడానికి ఈ తేడాయే కారణం.

దీనిలోకి ఇప్పుడు ఏఐ వచ్చి పడింది. ఇంటి దగ్గర చేసిన షీటులో ఫార్ములా ఎవరు రాశారో ఇక చెప్పలేం. కాబట్టి పోర్ట్‌ఫోలియో సాక్ష్యంగా కొంత బలహీనపడింది, ఒకరి కళ్ల ముందు చేసిన పరీక్షకు విలువ పెరిగింది. మరోవైపు, ఫార్ములా రాసిపెట్టే పనిముట్టు పక్కనే ఉన్నప్పుడు ఫార్ములా గుర్తుండటాన్ని పరీక్షించడం ఎందుకన్న ప్రశ్నా న్యాయమైనదే. దానికి నాకు దొరికిన జవాబు పైన చెప్పిన సున్నా. ఏఐ ఇచ్చిన ఫార్ములా సరైనదే అయినా మొత్తం సున్నా వచ్చినప్పుడు, గడిలో అంకెలు ఎడమవైపు ఎందుకున్నాయని అనుమానపడాల్సింది మనిషే.

పరీక్షలకూ తమ చీడ ఉంది. అసలు ప్రశ్నల్ని దొంగిలించి అమ్మే ‘డంప్’లు వాటిలో ముఖ్యమైనవి. వాటితో నెగ్గినట్టు తేలితే పత్రం రద్దుచేసే హక్కు సంస్థలకు ఉంటుంది. తేలకపోతే, ఆ పత్రం నిజాయతీగా రాసినవాళ్ల పత్రం విలువను కూడా తినేస్తుంది.

అక్క కూతురు ఇదంతా విని, “సరే మామయ్యా, ఇంతకీ వాళ్లకు వీటిలో ఏది కావాలి?” అంది. ఫారంలో ‘ధ్రువపత్రం’ అని తప్ప ఇంకేమీ లేదు. అక్కడికే మెయిల్ పెట్టి అడిగాం. రెండు రోజులకు ఒక్క వాక్యం జవాబు వచ్చింది: ఏదైనా కోర్సు పూర్తిచేసిన పత్రం ఉన్నా సరిపోతుందట. బడిలో ఉండగా సెలవుల్లో ఇచ్చినది తన దగ్గర ఒకటుంది, దాన్నే స్కాన్ చేసి జతచేసింది. ఉత్తరంలోని పద్నాలుగు ఎంటర్లు మాత్రం తీసేసి, పేజీ బ్రేక్ పెట్టి పంపింది.